ముందు సుబూత్ చూపించు, తర్వాత ట్యూబు మార్చు



ఈసారి గుస్సాలో రాస్తున్నా. ముందే చెప్తున్నా, తర్వాత "ఇంత తేజ్‌గా ఎందుకు రాసినవ్ భాయ్" అని అడగొద్దు.

పోయిన నెల ఒకరోజు మగ్రిబ్ తర్వాత మా చెల్లె ఇంటికొచ్చింది. వెనకాల మా భాంజా, మొహం వేలాడేసుకుని. చెల్లె చేతిలో ఒక చీటీ. గిటారు ఆంప్లిఫయర్ బాగుచేసే ఒక దుకాణంవాడు రాసిచ్చిన చీటీ అది. "ట్యూబులు 9, ఫుల్ సెట్, మార్చాలి" అని ఒకే ఒక్క లైను. దాని కింద రకమ్. ఆ రకమ్ చూసి నా కళ్లు తిరిగాయి. మా చెల్లె మూడు నెలలు రాత్రింబవళ్లు మిషను తొక్కి బ్లౌజులు కుడితే వచ్చే కమాయి అది.

"భాయిజాన్, కమ్మలు కుదువబెడదామనుకుంటున్నా. పెట్టే ముందు నీకొకసారి చూపిద్దామని వచ్చిన. తొమ్మిదీ ఒక్కసారే పోతాయా?" అంది.

ఆ సవాల్ ఎంత సీదాదో చూడండి. ఒక దర్జీ ఆడమనిషికి తట్టిన సవాల్, బోర్డు కట్టుకుని కూర్చున్న మెకానిక్‌కు తట్టలేదు. లేక తట్టినా, జేబు లోపల దాచుకున్నాడు.

మా భాంజా శని, ఆదివారాలు దోస్తులతో కలిసి కేఫ్‌లలో గిటారు వాయిస్తాడు. ఆ పైసలతోనే డిగ్రీ ఫీజు కడుతున్నాడు. ఆంప్ వాళ్ల చాచా డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిచ్చింది. "మన ఇళ్లల్లో గిటారేంది" అనేవాళ్లు మీలో ఉంటారని నాకు తెలుసు. ఆ బహస్ ఇంకోరోజు పెట్టుకుందాం. ఈరోజు మాట్లాడేది సుబూత్ లేకుండా వేసే ఇల్జామ్ గురించి, ఆ ఇల్జామ్ పేరుతో గరీబు ఇంటి నుంచి పోయే పైసల గురించి.

మా అబ్బా మర్హూమ్ రేడియో మెకానిక్. నల్లగొండ దగ్గర ఒక చిన్న కస్బాలో రేకుల డబ్బా దుకాణం. ఈరోజు గిటారు వాళ్లు ట్యూబు అనేదాన్ని ఆయన కాలంలో వాల్వు అనేవాళ్లు. ఇంటింటా వాల్వు రేడియోలు, మస్జిద్ మైకుకు వాల్వు ఆంప్లిఫయర్. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు మన దేశంలోనే వాల్వులు తయారుచేసే రోజులవి. అయినా ఒక్కో వాల్వు ఖరీదు జనానికి బరువే. అందుకే అబ్బా ఏ రేడియో వచ్చినా ముందు మీటరు తీసేవాడు. నేను పక్కన కూర్చుని తొందరపడి "అబ్బా, వాల్వు పోయింది" అంటే నెత్తిమీద ఒకటి మొట్టి, "అందాజె సే నక్కో బోల్ బేటా, నాప్ కో బోల్" అనేవాడు. అందాజాతో చెప్పకు, కొలిచి చెప్పు.

నేను నేర్చుకున్న ఇల్మ్ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. కింద రాసేదంతా దాని వివరణే.

ముందు ట్యూబు అంటే ఏమిటో జర అర్థం చేసుకుందాం. గాజు సీసా, లోపల గాలి లేదు. మధ్యలో సన్నటి తీగ, దాన్ని హీటర్ అంటారు. ఎక్కువ గిటారు ఆంపులలో దానికి 6.3 వోల్టులు ఇస్తారు. అది వేడెక్కితే చుట్టూ ఉన్న కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. బయట ప్లేటు మీద వందల వోల్టులు ఉంటాయి కాబట్టి అవి అటు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే జల్లెడ. గిటారు నుంచి వచ్చే చిన్న సిగ్నల్ ఆ జల్లెడ దగ్గర నిలబడి పెద్ద పరుగును ఆపుతూ, వదులుతూ ఉంటుంది. సన్న ఆవాజ్ పెద్ద ఆవాజ్ అయ్యేది అట్లానే.

ఒక ఆంపులో ట్యూబులన్నీ ఒకే రకం మెహనత్ చేయవు. భాంజా ఆంప్ 22 వాట్లది. అందులో నాలుగు 12ఏఎక్స్7లు, రెండు 12ఏటి7లు. ఇవి చిన్నవి, ప్రీఆంప్ పని చూస్తాయి. రెండు 6వి6లు పెద్దవి, స్పీకర్‌ను కదిలించే పవర్ ట్యూబులు. ఇంకొకటి జీజెడ్34, కరెంటును ఏసీ నుంచి డీసీ చేసే రెక్టిఫయర్. మొత్తం తొమ్మిది.

చిన్న 12ఏఎక్స్7 ఒక్కో సగంలో మామూలుగా ఒక మిల్లీ ఆంపియర్ దగ్గరలో నడుస్తుంది. దాని ప్లేటు తట్టుకోగలిగింది ఒక వాటు. ఆంపులో దాని మీద పడేది అందులో ఐదో వంతు అటూఇటూ. అంటే ఆరాంగా కూర్చుని నౌకరీ చేసే మనిషి. ఏళ్ల తరబడి బతుకుతుంది. పవర్ ట్యూబు అట్లా కాదు. వాయించినా, వాయించకపోయినా ఇరవై మిల్లీ ఆంపియర్ల చుట్టూ మోస్తూ, చెయ్యి పెడితే కాలేంత వేడిలో నిలబడి ఉంటుంది. అది హమాలీ. దానికి త్వరగా ముసలితనం వస్తుంది. హమాలీ, గుమాస్తా ఇద్దరికీ ఒకే రోజు నడుము విరిగిందని చీటీ రాసిచ్చేవాణ్ని ఏమనాలి?

ఇప్పుడు భాంజా ఆంప్ సంగతి. తకలీఫ్ ఏంటంటే, ఒక చానల్‌లో చిటపట చిటపట. నూనెలో ఆవాలు వేసినట్లు. మధ్యమధ్యలో ఆవాజ్ పడిపోతుంది. దుకాణంవాడు ఒక పెన్ను తీసి ట్యూబులను ఒక్కొక్కటిగా తట్టాడట. నాలుగో ట్యూబు తట్టగానే చిటపట గట్టిగా వచ్చింది. "చూశావా, ట్యూబు పోయింది. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసు, అన్నీ మార్చేయ్" అన్నాడట.

వాడు తట్టడం గలత్ కాదు. తట్టి చూడటం పాత తరీకానే. ట్యూబు లోపలి భాగాలు వదులైతే అది మైకులాగా పని చేస్తుంది. తట్టిన చప్పుడు స్పీకర్లో గంటలా మోగుతుంది. కానీ గుర్తుపెట్టుకోండి, ఇన్‌పుట్ పక్కనున్న మొదటి ట్యూబు బాగున్నా కాస్త మోగుతుంది. ఎందుకంటే దాని తర్వాత ఉన్న స్టేజీలన్నీ ఆ చప్పుడును పెంచుతాయి. కాస్త మోగిందని ముజ్రిమ్ అనేస్తే లోకంలో ఒక్క ట్యూబూ మిగలదు.

నేను భాంజాను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టిన. మొదటి పని ఆంపులోనిది కాదు. గిటారు మార్చిన, వైరు మార్చిన, చివరికి వైరు పూర్తిగా పీకేసిన. చిటపట ఆగలేదు. కాబట్టి గిటారు బేకసూర్, వైరు బేకసూర్. దోస్తులారా, ఇది చేయకుండా ఆంప్ వెనక్కి పోయేవాళ్లు ఎంతమందో. వైరుది తప్పయితే ట్యూబుకు ఉరి వేస్తారు.

రెండోది, రెండు చానళ్లు విడివిడిగా విన్నాం. నార్మల్ చానల్ సాఫ్. రెండో చానల్లోనే తకలీఫ్. ఈ ఆంపులో రెండు చానళ్లూ చివరికి ఒకే దారిలో కలుస్తాయి. ఆరో ట్యూబు, రెండు పవర్ ట్యూబులు, రెక్టిఫయర్ ఇద్దరికీ ఉమ్మడి. ఒక చానల్ సాఫ్‌గా వస్తుందంటే ఆ ఉమ్మడి నాలుగూ సాఫ్ అనే కదా? చెవులు తప్ప ఏ సామానూ వాడకుండా, రెండు నిమిషాలలో, తొమ్మిదిలో నాలుగు ట్యూబులు బరీ అయిపోయాయి. నార్మల్ చానల్‌ను మోసే మొదటి ట్యూబుతో కలిపి ఐదు. చీటీలో సగానికి పైగా రకమ్ అక్కడే అబద్ధమైంది. మహెంగా ఉన్న పవర్ ట్యూబుల జోడీ, రెక్టిఫయర్ ఈ ఐదులోనే ఉన్నాయి మరి!

మూడోది, ఆ చెడ్డ చానల్ వాల్యూమ్ సున్నా చేసిన. చిటపట తగ్గలేదు. అంటే తప్పు వాల్యూమ్ బిరడా తర్వాత ఎక్కడో ఉంది. రివర్బ్ సున్నా చేసిన, తేడా లేదు. అంటే రివర్బ్‌ను నడిపే మూడో ట్యూబు మీద షక్ పోయింది. ట్రెమొలో ఆపినా అంతే. ఐదో ట్యూబు కూడా పక్కకు జరిగింది. స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, రెండో ట్యూబు పీకి మళ్లీ వేసిన. చిటపట అట్లనే ఉంది. లేని మనిషి మీద దొంగతనం వేయలేం కదా, రెండోది కూడా బరీ. మిగిలింది నాలుగోది. దాన్ని పీకితే చిటపట మాయం.

"అయితే దుకాణం అంకుల్ చెప్పింది నిజమే కదా మామూ, నాలుగోదే" అన్నాడు భాంజా.

"ఇంకా లేదు బేటా. మనకు ఇల్లు దొరికింది, దొంగ దొరకలేదు" అన్నా.

నాలుగోది 12ఏఎక్స్7. మొదటిదీ 12ఏఎక్స్7. రెండింటినీ ఒకదాని చోట ఇంకొకటి పెట్టినం. ట్యూబే తప్పయితే చిటపట దానితో పాటు నార్మల్ చానల్లోకి రావాలి. రాలేదు. నార్మల్ చానల్లో 'పోయిన' ట్యూబు బుద్ధిగా పాడుతోంది. నాలుగో చోటు మాత్రం 'మంచి' ట్యూబుతో కూడా చిటపట అంటూనే ఉంది. తప్పు ట్యూబును వెంబడించలేదు, చోటును అంటిపెట్టుకుని ఉంది.

ఇక ఆంప్ విప్పక తప్పలేదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇది జాన్‌కు సంబంధించిన మాట. ట్యూబు ఆంపు లోపల 400 వోల్టులు, అంతకు మించి కూడా ఉంటాయి. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉండొచ్చు. ప్లగ్గు పీకాం కదా అని చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. రెసిస్టర్‌తో ఆ చార్జి దించి, మీటరు పెట్టి సున్నా చూసిన తర్వాతే నేను ముట్టుకుంటా. పిల్లలకు సాఫ్ చెప్పండి: ట్యూబులు పీకి పెట్టడం వరకే మన పని, అది కూడా స్విచ్ ఆపి, చల్లారిన తర్వాత. స్పీకర్ తగిలించకుండా ట్యూబు ఆంప్ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుక్సాన్ అవుతుంది. పెట్టె విప్పడం తెలిసిన ఉస్తాద్ పని.

విప్పి, భూతద్దం పెట్టి చూస్తే నాలుగో సాకెట్ కాలు చుట్టూ టాంకాలో వెంట్రుక మందం పగులు. ఏళ్లుగా వేడెక్కి చల్లారి, స్పీకర్ అదురుకు అదిరి, టాంకా చీలింది. అందుకే ట్యూబును తట్టినప్పుడు చిటపట వచ్చింది! పెన్నుతో తట్టింది ట్యూబునే, కానీ కదిలింది దాని కింద పగిలిన టాంకా. దుకాణంవాడి దగ్గర ఉన్న ఒకే ఒక్క గవాహి కూడా ఉల్టా గవాహి.

పాత టాంకా తీసి కొత్త టాంకా వేసిన. కంచె దాటిన మేక మందలోకి వచ్చినట్లు ఆవాజ్ తిరిగొచ్చింది. ట్యూబులు తొమ్మిదీ అవే. చెల్లె కమ్మలు చెవులకే ఉన్నాయి.

ఇప్పుడు నా అసలు కొట్లాటకు వస్తా. ఆ దుకాణంలో తొమ్మిది ట్యూబులు మార్చి ఉంటే ఏమయ్యేది? ట్యూబులు పీకి పెట్టే కుదుపులో పగులు కాళ్లు కాసేపు కలిసి, ఒక వారం చిటపట ఆగి ఉండేది. "చూశారా, ట్యూబులే" అనేవాడు. వారం తర్వాత మళ్లీ మొదలైతే "కొత్త ట్యూబు డిఫెక్ట్" అనేవాడు. ఇల్జామ్ ఎప్పుడూ నోరులేని గాజు సీసా మీదే. కారీగర్ మీద ఎన్నడూ రాదు.

వాళ్లవైపు దలీల్‌లు కూడా వినాలి, ఇన్సాఫ్ అంటే అదే.

"మా దగ్గర ట్యూబ్ టెస్టర్ ఉంది, అది బ్యాడ్ చూపించింది" అంటారు. టెస్టర్ చెడ్డదని నేననను. కానీ సస్తా టెస్టర్లు చాలావరకు ఎమిషన్ టెస్టర్లు. కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు వస్తున్నాయా లేదా అని తక్కువ వోల్టేజీ మీద చూసి సూదిని ఆకుపచ్చలోకో, ఎరుపులోకో తిప్పుతాయి. ఆంపులో 400 వోల్టుల మీద బయటపడే లీకేజీ అక్కడ కనపడకపోవచ్చు. అక్కడ బలహీనంగా కనిపించిన ట్యూబు ఆంపులో ఇంకా చాలాకాలం చక్కగా పాడొచ్చు. షార్ట్ పట్టుకోవడానికి టెస్టర్ పనికొస్తుంది. ఆఖరి ఫైసలా మాత్రం ఆంపు సాకెట్లోనే జరగాలి. మంచిదని తెలిసిన ఒక ట్యూబు పెట్టి చూడటాన్ని మించిన టెస్టర్ లేదు.

"టైమ్ ఖరీదైనది భాయ్, వెతకడం కంటే అన్నీ మార్చడం సేఫ్" అంటారు. ఎవరికి సేఫ్? నేను భాంజాతో చేసిన పని మొత్తం, చల్లారే వేళ కూడా కలుపుకుని, ఒక గంట. ఆ గంటకు మజూరీ తీసుకోండి, ఖుషీగా తీసుకోండి. హునర్‌కు పైసలు అడగడంలో శరం లేదు. వెతకడానికి పైసలు అడిగే ధైర్యం లేక, సామాను అమ్మి ఆ పైసలు లాగడంలో శరం ఉంది.

"ఎలాగూ పాతవే కదా" అంటారు. పాతదనం జుర్మ్ కాదు. పైగా ఈరోజు ట్యూబులు చేసే కార్ఖానాలు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రష్యాలో సరాతోవ్, స్లొవేకియాలో చాద్‌త్సా, ఇంకా చైనా. 2022 మార్చిలో రష్యా నుంచి ఎగుమతులు ఆగుతాయన్న ఖబర్ రాగానే దునియా అంతటా గిటారు వాళ్లు హడలిపోయారు, ధరలు ఎగిశాయి. అట్లాంటి సామానులో మంచివాటిని చెత్తబుట్టలో వేయడం ఇస్రాఫ్ కాదా?

ఇంకొకరు ఉల్టా వైపు నుంచి వస్తారు. "పాత కంపెనీ ట్యూబు వేస్తే జాదూ" అని. వాళ్లకూ నా జవాబు అదే. ముందు తప్పు ఎక్కడుందో చూపించు. పగిలిన టాంకా మీద ఎంత పురాతన ట్యూబు పెట్టినా చిటపటే.

ట్యూబులు ఎన్నడూ పోవు అని నేను చెప్పడం లేదు. పోతాయి. పోయినప్పుడు సుబూత్ దాచుకోవు కూడా. గాజు లోపల పైభాగంలోనో పక్కనో వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయినట్లు. ఆ ట్యూబు మయ్యత్, మారు మాట లేదు. హీటర్ నారింజ రంగులో వెలగడం మామూలే. గాజు గోడ మీద నీలి వెలుగు కనపడినా చాలాసార్లు ఖతరా లేదు. కానీ బూడిద రంగు ప్లేటే ఎర్రగా కాలుతుంటే వెంటనే స్విచ్ ఆపేయాలి, పాట మధ్యలో ఉన్నా సరే.

అప్పుడు కూడా ట్యూబును తిట్టకండి. చల్లారాక రెండు పవర్ ట్యూబులను అటుదిటు మార్చి, కళ్లు తీయకుండా ఒక్క నిమిషం చూడండి. ఎరుపు ట్యూబు వెంట పోతే ట్యూబు ముజ్రిమ్. ఎరుపు అదే సాకెట్లో ఉండిపోతే ఆంప్ ముజ్రిమ్: బయాస్ అందడం లేదు, లేదా కప్లింగ్ కెపాసిటర్ లీక్ అవుతోంది. రెండూ ఎర్రబడితే బయాస్ సప్లైనే చూడాలి. ఇది చూడకుండా కొత్త జోడీ వేస్తే అదీ అట్లనే కాలిపోతుంది. రెండోసారి పైసలు ఎవరిస్తారు? మీరే.

హమ్ అనే గుయ్ గుయ్ ఉంటే గిటారే మీటరు. వైరు పీకేసి హమ్ వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ దాటాక 100 అవుతుంది. గిటారు ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్. వేరే ఆంపులోనో, ఊరికే చేత్తోనో ఆ తీగ మీటి చూడండి. హమ్ దాని దగ్గరి సురులో ఉంటే షక్ ఫిల్టర్ కెపాసిటర్ల మీద, లేదా సరిజోడు కాని పవర్ ట్యూబుల మీద. దానికి ఒక సప్తకం కింద ఉంటే హీటర్ వైరింగ్, ఎర్తింగ్, లేదా హీటర్ నుంచి కాథోడ్‌కు లీకైన ట్యూబు. దీనికి ఇంపోర్టెడ్ మిషను అక్కర్లేదు. చెవులు, సబర్ చాలు.

పవర్ ట్యూబులు ముసలివయ్యాయా అనేది కూడా కొలిచే చెప్పాలి. కాథోడ్‌లో ఒక ఓమ్ రెసిస్టర్ పెడితే, దాని మీద ఎన్ని మిల్లీ వోల్టులో అన్ని మిల్లీ ఆంపియర్లు. భాంజా ఆంపులో ప్లేటు మీద 400 వోల్టులు, ఒక ట్యూబు 19, ఇంకొకటి 21 మిల్లీ ఆంపియర్లు. 400ను 0.021తో గుణిస్తే 8.4 వాట్లు. 6వి6 పాత కాగితాల ప్రకారం తట్టుకునేది 12 వాట్లు, అందులో ఇది 70 శాతం. ఫిక్స్‌డ్ బయాస్ ఆంపుకు కారీగర్లు పెట్టుకునే హద్దు కూడా అదే. రెండూ దాదాపు జోడీగా ఉన్నాయి. పీకి పారేయమన్నది ఈ ట్యూబులనే!

ఇప్పుడు నా గలతీ కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ గుస్సా మునాఫికత్ అవుతుంది.

కొన్నేళ్ల కింద ఖమ్మం వైపు నుంచి, చర్చిలో గిటారు వాయించే ఒక అన్న ఆంప్ తీసుకొచ్చాడు. ఆవాజ్ వస్తూ పోతూ ఉంది. ఆ రోజు నా దుకాణంలో పని ఎక్కువ, సబర్ తక్కువ. "ప్రీఆంప్ ట్యూబులు పోయినయ్ అన్నా" అన్నా. ఆయన మారు మాట్లాడకుండా పైసలిచ్చాడు. పది రోజులకు మళ్లీ వచ్చాడు, అదే తకలీఫ్. అప్పుడు కూర్చుని చూస్తే సాకెట్ కాళ్లకు మసి పట్టింది, పట్టు వదులైంది. క్లీనర్ కొట్టి, కాళ్ల పట్టు బిగిస్తే సరిపోయింది. ఆయన ట్యూబులు ఆయనకు తిరిగిచ్చి, పైసలు వాపస్ ఇచ్చిన. ఆయన "పర్లేదు తమ్ముడూ" అన్నాడు. ఆ 'పర్లేదు' నా కడుపులో ఇప్పటికీ ముల్లులా ఉంది. అబ్బా బతికుంటే మొట్టికాయతో ఆగేవాడు కాదు.

ట్యూబు మీద పడే ఇంకొక ఝూటా ఇల్జామ్ ఉంది, ఇది అమెరికాలో మనవాళ్లున్న ఇళ్లకు. అక్కడ అమ్మే ఆంప్ చాలావరకు 120 వోల్టులది. మన గోడలో 230. వెనక పలక మీద రాసి ఉంటుంది, ప్లగ్గు పెట్టకముందే చదవండి. 120ది సీదా పెడితే హీటర్‌కు 6.3 బదులు 12 వోల్టులు, మిగతావన్నీ దాదాపు రెట్టింపు. ఫ్యూజు ఎగరడం మన నసీబ్ బాగుండటమే. అప్పుడు కొందరు మహానుభావులు లావు ఫ్యూజు వేస్తారు, సిగరెట్ కాగితం చుడతారు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాల్చి "ట్యూబులు షార్ట్" అంటారు. సరైన వాటేజీ ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, ఫ్యూజు రాసిన రేటింగుదే వేయండి. స్టెప్‌డౌన్ పెట్టినా ఫ్యూజు ఎగిరితే ఉస్తాద్ దగ్గరికి పోండి. రెక్టిఫయర్, పవర్ ట్యూబులు తీసేసి ఫ్యూజు నిలుస్తుందా చూసి, ఆ తర్వాత ఒక్కో మెట్టుగా లోపల పెట్టి, ఏది పెట్టినప్పుడు ఎగిరిందో పట్టుకుంటాడు. అది కూడా గవాహి వినడమే.

ఇక అమ్మీలకు, అబ్బాలకు రెండు మాటలు.

మీ పిల్లవాడి ఆంపే కాదు, ఏ సామాను దుకాణానికి పోయినా నాలుగు సవాల్‌లు అడగండి. తప్పు ఎక్కడుంది? ఎట్లా తెలిసింది? మంచిదాన్ని ఆ చోట పెట్టి చూశావా? తీసేసిన పాతవి నా చేతికిస్తావా? ఈమాన్‌దార్ కారీగర్‌కు ఈ నాలుగూ అడిగితే ఖుషీ అవుతుంది, కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపిస్తాడు. కోపమొచ్చినవాడి దగ్గర నుంచి సామాను తీసుకుని లేచి రండి.

రెండోది, మన ఇళ్లల్లో "చదువు రాకపోతే మెకానిక్ అవుతావురా" అని పిల్లలను బెదిరించే ఆదత్ ఒకటుంది. అది మానుకోండి. తొమ్మిది మంది మీద షక్ ఉన్నప్పుడు ఒక్కొక్కరినీ బరీ చేస్తూ, ఎవరినీ అన్యాయంగా పట్టుకోకుండా, అసలు తప్పు దగ్గరికి చేరడం చదువు కాకపోతే ఇంకేది చదువు? మెకానిక్‌ను మనం తక్కువగా చూస్తే, తక్కువ మెకానిక్‌లే మనకు మిగులుతారు. అప్పుడు వాళ్లు రాసిచ్చే చీటీలకు కమ్మలు కుదువబెట్టుకుంటూ కూర్చుందాం.

మొన్న ఆదివారం కోఠి గుజరాతీ గల్లీలో భాంజా తన పైసలతో ఒక మీటరు కొనుక్కున్నాడు. ఇంటికి తెచ్చి నా ముందు పెట్టి, "మామూ, ఇది కరెక్టుగా చూపిస్తుందా లేదా ముందు నీ మీటరుతో నాపుదాం" అన్నాడు.

నాకు అబ్బా యాదికొచ్చాడు. గుస్సా సగం దిగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాసిన.

ఖుదా హాఫిజ్.